రెండో పాట

హైదరాబాద్,
యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
జులై 6.

సంధ్యత్తకు వెన్నెల నమస్కారం.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఏమిటని ఫిన్నీ నవ్వుతోంది. ఫిన్నీ నా రూమ్మేటు, గిద్దలూరు పిల్ల. మా అత్త మా ఊళ్ళోనే బ్రాంచి పోస్టుమాస్టరు అని చెప్పాను. ఆమె ఆఫీసుకు ఆధార్ పనులూ పొదుపు ఖాతాలూ తప్ప చేత్తో రాసిన ఉత్తరం రాదని, నెలకొకటి రాయకపోతే మేనకోడలి వరస రద్దు చేస్తానందని చెప్పాను. ఇంకో కారణం మాత్రం చెప్పలేదు. మన ఇంట్లో ఫోనంటే స్పీకరే. నాయన మోటారు దగ్గర నిలబడి నాతో మాట్లాడితే పక్క చేలోంచి శాంతయ్య మామ జవాబు చెప్తాడు.

రెండో సంవత్సరం మొదలైంది. బీయస్సీ, మ్యాథ్స్-ఎకనామిక్స్. నాయన పెట్టిన గడువు నీకు తెలిసిందే. అయినా రాస్తున్నాను, కాగితం మీద పెడితే భయం కొంచెం చిన్నదవుతుందేమోనని. సెలవులయ్యాక నేను బస్సెక్కే ముందు అన్నాడు: "లెక్కలంటే సైన్సు. ఎకనామిక్స్ అంటే ఆర్ట్స్. రెండూ కలిపితే ఏమైతది? వేరుశనక్కాయల్లో ఆముదాలు కలిపినట్ల అయితది. గానుగోడు కూడా తీసుకోడు." మార్కాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంటు సీటు అడిగి పెట్టాడు. వినాయక నిమజ్జనం అయ్యేలోపు నా చదువు ఊళ్ళో దేనికైనా పనికొస్తుందని చూపించాలి. లేకపోతే పెట్టె సర్దుకుని మార్కాపురం.

ఇక్కడ మ్యాథ్స్ డిపార్ట్‌మెంటు ఒక భవనం, ఎకనామిక్స్ ఇంకో భవనం, మధ్యలో క్యాంటీను. మ్యాథ్స్ వాళ్ళు మమ్మల్ని ఎకనామిక్స్ పిల్లలంటారు. ఎకనామిక్స్ వాళ్ళు మ్యాథ్స్ పిల్లలంటారు. మీటింగులకు ఇద్దరూ పిలవరు. ఫ్రెషర్స్ పార్టీకి మాత్రం పొరపాటున ఇద్దరూ పిలిచారు. రెండు బిర్యానీలు తిన్నాం.

పొద్దున ఎకనామిక్స్‌లో, మొదటి దోశ ఇచ్చినంత తృప్తి నాలుగో దోశ ఇవ్వదని చెప్తారు. మధ్యాహ్నం మ్యాథ్స్‌లో ఆ తృప్తి ఎంత వేగంగా పడిపోతోందో కొలుస్తాం. ఒకే దోశను రెండు భవనాల్లో తింటున్నట్టుంది అత్తా. నాకు ఇంతకంటే సంతోషం ఎక్కడా దొరకలేదు.

అనాలిసిస్ అని ఒక సబ్జెక్టు ఉంది. పోయిన ఏడాది ఏడిపించింది. ఎదుటివాడు ఎంత చిన్న దూరం చెప్పినా అంతకంటే దగ్గరికి నేను రాగలనని రుజువు చేయాలి. ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. మొన్న క్లాసులో ఉన్నట్టుండి అర్థమైంది. శాంతయ్య మామ గట్టుకు జానెడు దూరంలో దున్నితే నాయన బెత్తెడు దూరంలో దున్నుతాడు. మామ బెత్తెడుకు వస్తే నాయన వేలెడుకు వస్తాడు. గట్టు మాత్రం ఇద్దరూ దాటరు. ఆ గట్టే లిమిట్! నవ్వు ఆగలేదు. మేడం ఎందుకని అడిగితే చెప్పేశాను. నాతో బోర్డు మీద గట్టు గీయించారు. ఇప్పుడు క్లాసంతా దాన్ని నాయన పేరుతో సుబ్బయ్య లిమిట్ అంటున్నారు. నాయనకు చెప్పొద్దు.

నువ్వు ఎవరి వైపో రాయి.

నీ కోడలు,
వెన్నెల


నాగులవంకపల్లె,
హనుమంతునిపాడు మండలం,
జులై 19.

కోడలా,

ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. వాన ఒక్కటే బాగాలేదు, మబ్బు వస్తుంది, చూస్తుంది, కనిగిరి వైపు పోతుంది.

నీ ఉత్తరం కనిగిరి నుంచి సంచిలో వచ్చింది. నేనే ముద్ర కొట్టి, నేనే బట్వాడా చేసుకుని, నేనే చదువుకున్నాను. ముద్ర రెండుసార్లు కొట్టాను. ఒకటి డ్యూటీ, ఒకటి సరదా.

నేను నీ వైపే. కానీ మీ నాయన నాకు అన్న, శాంతయ్య నా మొగుడికి అన్న. ఈ ఇద్దరి మధ్య ఇల్లు కట్టుకున్నదాన్ని కాబట్టి పైకి ఎవరి వైపూ ఉండను.

మీ నాయన సంగతి ఒకటి విను. నీ చదువేమిటని ఎవరడిగినా "ఎం.ఇ." అంటున్నాడు. మ్యాథ్స్‌లో ఎం, ఎకనామిక్స్‌లో ఇ. విన్నవాళ్ళు అదేదో ఇంజనీరింగులో పెద్ద చదువనుకుంటున్నారు. ఆయన కాదనడంలేదు. మొన్న టీ బంకు దగ్గర మా బావ శాంతయ్య పట్టుకున్నాడు.

"కోడలు పిల్ల ఏం చదువుతాంది బావా?"

"ఎం.ఇ."

"మరి మార్కాపురంలో ఇంజనీరింగు సీటు ఎవురికి అడిగినావు, నీకా?"

మీ నాయన టీ సగంలో వదిలేసి వచ్చినాడు.

ఇంక అసలు సంగతి. నిరుడు వినాయకుడి లడ్డు వేలానికి నువ్వు రాలేదు, పరీక్షలన్నావు. మన ఊరి లడ్డుకు డబ్బు పాట లేదని నీకు తెలుసు కదా. హైస్కూలుకు పోయే దారి వానాకాలం వంక దగ్గర కోసుకుపోతుంది. అందుకని లడ్డు పాడినవాడు ఎన్ని ట్రాక్టర్లకు పాడితే అన్ని ట్రాక్టర్ల గ్రావెల్ ఆ దారికి తోలాలి. మంచి పద్ధతే. కానీ నిరుడు మీ నాయన ఒకటి పెంచితే మా బావ ఒకటి పెంచడం, ఈయన మైకు గుంజుకుంటే ఆయన వైరు పీకడం. చివరికి పళ్ళెం పక్కకు ఒరిగింది. లడ్డు నేల మీద. చీమలు మాత్రం ఏ గొడవా లేకుండా పంచుకున్నాయి. దారికి తట్టెడు గ్రావెల్ కూడా పడలేదు.

ఈసారి కమిటీ పెద్ద రామయ్య పట్టుబట్టాడు: "నోటితో పాడే పాట వద్దు. నిమ్మళంగా అయ్యే పద్ధతి ఏదన్నా ఉంటే చెప్పండి. లేకపోతే లడ్డూ లేదు, గిడ్డూ లేదు."

నీ ఎం.ఇ.లో నోరు తెరవకుండా పాడే పాట ఏదైనా ఉందా?

అత్త,
సంధ్యారాణి


హైదరాబాద్,
ఆగస్టు 3.

అత్తా, ఉంది! ఉంది! ఉంది!

ఫిన్నీ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఇప్పుడు వరసగా రాస్తాను.

మొన్న మాకు క్లాసు లేదు. ఎం.ఎస్సీ వాళ్ళ హాల్లో ఏసీ పనిచేస్తుంది. నేనూ ఫిన్నీ చల్లగా ఉంటుందని పోయి వెనక బెంచీలో కూర్చున్నాం. రాధాకృష్ణమూర్తి సార్ వేలాల గురించి చెప్తున్నారు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది! వేలం పాటకు ఇంత లెక్కల శాస్త్రం ఉందని, దాని మీద పెద్ద పెద్దవాళ్ళు జీవితాలు గడిపారని అప్పుడే తెలిసింది. సార్ బోర్డు నింపుతుంటే నాకు లడ్డు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పద్ధతి ఇది. ఎవరి పాట వాళ్ళు రాసి, ఎవరికీ చూపించకుండా ఇచ్చేయాలి. అన్నీ ఒకేసారి తెరవాలి. ఎక్కువ రాసినవాళ్ళదే లడ్డు. కానీ వాళ్ళు ఇవ్వాల్సింది తాము రాసింది కాదు, వాళ్ళ తర్వాత రెండో స్థానంలో ఎవరున్నారో వాళ్ళు రాసింది. నువ్వు పది రాశావు, రామయ్య తాత ఏడు రాశాడు, ఇంకొకరు నాలుగు రాశారు అనుకో. లడ్డు నీది. నువ్వు తోలించాల్సింది ఏడు ట్రాక్టర్లు.

ఒక్క ముక్కలో: గెలిచేది మొదటి పాట, ఇచ్చేది రెండో పాట.

అరుపులు ఉండవు. మైకు అక్కర్లేదు. పళ్ళెం ఒరగదు. ఎందుకు ఇలా పెట్టారనడానికి వెనక ఒక రుజువు ఉంది. చాలా అందమైన రుజువు. అది రాయడానికి ఈ కాగితంలో చోటు లేదు.

క్యాంటీనులో ఇవాళ గుత్తి వంకాయ చేశారు. వంకాయ ఉంది, గుత్తి లేదు. ఫిన్నీ గిద్దలూరు నుంచి తెచ్చుకున్న పచ్చడితో బతుకుతున్నాం.

కమిటీ ఒప్పుకుంటుందా? నాయన ఏమంటాడు? వెంటనే రాయి. గాల్లో నడుస్తున్నట్టుంది నాకు.

వెన్నెల


నాగులవంకపల్లె,
ఆగస్టు 17.

కోడలా,

కమిటీ ఒప్పుకుంది. అర్థమై ఒప్పుకున్నారని మాత్రం అనుకోవద్దు.

"గెలిచినోడు రెండో వాడి పాట ఎందుకియ్యాల?" అన్నాడు రామయ్య.

"దానికి రుజువుందంట," అన్నాను.

"ఏం రుజువు?"

"కాగితంలో చోటు లేదంట."

ఆయన "సరే, యూనివర్సిటోళ్ళు ఊరికే చెప్పరు" అన్నాడు.

కాగితాలైతే చించి పారేసి నేను రాయలేదనేవాళ్ళుంటారని, పలకలైతే మేలన్నాను. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మన ఊరి సురేష్ ఒక కట్ట పంపాడు. ఎవరి పలక మీద వాళ్ళు బలపంతో రాసి, పేరు పెట్టి, మండపం అరుగు మీద బోర్లా పెట్టాలి. రచ్చబండ దగ్గర నల్లబోర్డు మీద నియమాలు నేనే రాశాను, నీ మాటల్లోనే: "ఎక్కువ పాట వారికి లడ్డు. ఇవ్వవలసినది రెండో పాట."

ఊరంతా ఇప్పుడు ఇదే మాట. పిల్లలు గోలీలు ఆడినా రెండో పాట, ఆడవాళ్ళు కూరగాయలు బేరమాడినా రెండో పాట. భజన గుంపు పెద్ద కృష్ణవేణమ్మ అవ్వ బోర్డు ముందు చాలాసేపు నిలబడి చదివి, "నేనూ పాడొచ్చా?" అని అడిగింది. ఎవరైనా పాడొచ్చన్నాను. "రెండో పాట తప్పనిసరా?" అంది. తప్పనిసరే అన్నాను. ఒక పలక తీసుకుని ఆలోచించుకుంటూ ఇంటికి పోయింది.

మీ నాయన బోర్డు చదివాడు. నవ్వలేదు, కోప్పడలేదు. నాతో అన్న మాట అన్నట్టే రాస్తున్నాను:

"ఇదేనా దాని చదువు? సరే. ఇదే పరీక్ష. లడ్డు గొడవ లేకుండా పోయి, దారికి గ్రావెల్ పడిందా, దాన్ని చదువుకోనీ. గొడవైందా, నిమజ్జనం మర్నాడే నేను హైదరాబాదు పోయి పెట్టె తెస్తా."

ఎదురుగా మా బావ ఉన్నాడు. ఆయన కూడా పలక తీసుకున్నాడు.

నిమజ్జనం ఆదివారం, ముప్పై ఒకటిన. పండగ అయిదు రోజులూ నా ఫోను మైకు సెట్టుకు కట్టేసి ఉంటుంది, దేవుడి పాటలన్నీ దాంట్లోనే ఉన్నాయి. కాబట్టి చెప్పేదేమన్నా ఉంటే ముందే రాయి. ఆ రుజువేదో కూడా రాయి. అడిగినవాళ్ళకల్లా చోటు లేదని చెప్పలేక చస్తున్నాను.

అత్త


హైదరాబాద్,
ఆగస్టు 28. స్పీడు పోస్టు.

అత్తా,

కొంప మునిగింది.

రుజువుకు చోటు లేక కాదు, నాకు రుజువు తెలియక రాయలేదు. ఆ రోజు క్లాసు సగంలో ఉండగా క్యాంటీనులో బిర్యానీ అయిపోతోందని ఫిన్నీకి మెసేజి వచ్చింది. మేమిద్దరం వెనక తలుపులోంచి వచ్చేశాం. పద్ధతి విన్నాను, కారణం వినలేదు. తర్వాత పుస్తకంలో చూసుకుందాంలే అనుకున్నాను.

నిన్న చవితికి హాస్టల్లో పూజ. రాధాకృష్ణమూర్తి సార్ ప్రసాదానికి వచ్చారు. పొంగిపోయి మన ఊరి సంగతంతా చెప్పాను. సార్ ఉండ్రాళ్ళు నములుతూ అడిగారు: "బాగుందమ్మా. నిజమైన విలువే రాయాలని అందరికీ వివరంగా చెప్పారు కదా?"

నిజమైన విలువ ఏమిటి సార్ అన్నాను. సార్ నమలడం ఆపేశారు.

ఈ పద్ధతికి ప్రాణమంతా ఆ ముక్కలోనే ఉందని అప్పుడు సార్ విడమరిచి చెప్పారు. దయచేసి ఇది ఊరందరికీ చదివి వినిపించు. నాకు లడ్డు పది ట్రాక్టర్ల పాటి అనుకో. అత్యాశకు పోయి వంద రాశాననుకో. మిగతావాళ్ళంతా పదిలోపే రాస్తే, నేను పది రాసినా గెలిచేదాన్నే, ఇచ్చేదీ అంతే. వంద రాసి అదనంగా వచ్చిందేమీ లేదు. ఎవరో ఒకరు ఎనభై రాశారా, అప్పుడు గెలుస్తాను, ఎనభై తోలి చస్తాను. అంటే ఎక్కువ రాస్తే లాభం ఎప్పుడూ లేదు, నష్టం మాత్రం పొంచి ఉంది. తక్కువ రాసినా ఇంతే, అందే లడ్డు పోతుంది. కాబట్టి ఎవరికి ఎంత విలువో అంతే రాయడం మేలు. ఈ వేలంలో నిజం చెప్పినవాడికి నష్టం రాదు. ఇదీ రుజువు. చూడు, ఇంత చిన్నది! ఈ భయంలోనూ ఇది ఎంత బాగుందో అనిపిస్తోంది, నన్ను తిట్టు.

నాయనకూ శాంతయ్య మామకూ ఇది తెలియకపోతే ఏం రాస్తారో నువ్వే ఊహించుకో.

నీ ఫోను మైకుకు కట్టేసి ఉంటుందన్నావు, నాయనకు చేస్తే స్పీకరే, అందుకే ఈ ఉత్తరం. శనివారానికి చేరుతుందని కౌంటరులో అన్నారు. నీ నుంచి కబురు రాకపోతే, మైకుకు ఉన్నా సరే, ఆదివారం నీ ఫోనుకే చేస్తాను.

వెన్నెల


నాగులవంకపల్లె,
సెప్టెంబరు 4.

కోడలా,

నీ స్పీడు పోస్టు సోమవారం వచ్చింది. నిమజ్జనం ఆదివారం అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో కళ్ళు తిరిగితే ఫిన్నీని మంచినీళ్ళు ఇమ్మను.

ఆదివారం మధ్యాహ్నం అందరూ పలకలు పట్టుకుని మండపం దగ్గర చేరారు. మైకులో దేవుడి పాట వస్తోంది. అది ఆగిపోయింది. నీ గొంతు వచ్చింది. నువ్వు నా ఫోనుకు చేశావు, నా ఫోను మైకు సెట్టుకు ఉంది, మైకు సెట్టు అబ్బాయి ఎత్తాడు. వంక అవతలి ఊరికి కూడా వినిపించింది:

"అత్తా! అందరికీ చెప్పు! మనం ఎంత రాసినా ఇచ్చేది అది కాదు, ఎదుటివాళ్ళు రాసిందే! అందుకని..."

కరెంటు పోయింది.

అందుకని ఏమిటో ఊరికి తెలియదు. ఊరు తనకు తోచిన అందుకని తాను అనుకుంది. మీ నాయన తాను రాసింది తువాలుతో తుడిచి మళ్ళీ రాయడం నేను చూశాను. అటు తిరిగితే మా బావ కూడా తుడుస్తున్నాడు.

రామయ్య ఒక్కో పలకా తిప్పి చదివాడు. ఆయనది తొమ్మిది. నాది పన్నెండు. టీ బంకు వాళ్ళది ఆరు. అందరూ పెద్దమనుషుల్లాగే రాశారు. తర్వాత మా బావ పలక తిప్పాడు.

"శాంతయ్య. వెయ్యి."

గుంపులో ఎవరో ఈల వేశారు. రామయ్య ఇంకో పలక తిప్పి, దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూశాడు.

"సుబ్బయ్య. వెయ్యి."

ఇద్దరూ ఒకే లెక్క వేశారు తల్లీ. ఎదుటివాడు పిసినారి, పదో పదిహేనో రాస్తాడు. నేను వెయ్యి రాసి గెలిచి ఆ పదిహేను తోలతాను. ఇప్పుడు మొదటి పాటా వెయ్యే, రెండో పాటా వెయ్యే. నిరుడు లడ్డు నాదంటే నాదని కొట్టుకున్న మనుషులు ఈసారి ఎట్లా కొట్టుకున్నారో విను.

"లడ్డు నీదే బావా, తీసుకో," అన్నాడు మీ నాయన.

"నాదెట్లయితది? పెద్దోడివి, నువ్వే తీసుకో."

"నిరుడు నీ నోటికాడి లడ్డు నేను పడగొట్టినా. ఆ పాపం ఉంది. నువ్వే తినాల."

"నాకు షుగరు బావా."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే."

"వెయ్యి ట్రాక్టర్లంటే మన తిప్ప తిప్పంతా వంకలో పొయ్యాలయ్యా," అన్నాడు రామయ్య, నెత్తిన చెయ్యి పెట్టుకుని. "ఎవురో ఒకరు గెలవండి."

గెలవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గొంతులు లేచాయి. మీ నాయన నా వైపు చూశాడు. ఆ చూపులో హైదరాబాదు బస్సు కనిపించింది నాకు. నీ పెట్టె బస్సు మీద కట్టినట్టే అయిపోయింది.

అప్పుడు కృష్ణవేణమ్మ అవ్వ ముందుకొచ్చింది.

"నా పలక సదవకుండానే కొట్లాడుకుంటే ఎట్లరా? నేను మనిషిని కానా?"

నిజమే, ఆమె పలక ఒక్కటే భజన తాళాల సంచి కింద బోర్లా ఉండిపోయింది. రామయ్య తిప్పాడు. దాంట్లో అంకె లేదు. అంచు నుంచి అంచు దాకా అక్షరాలు.

"ఏందవ్వా ఇది?"

"పాట. పాట రాయమంటిరి గదా."

"మరి ఎనకపక్క?"

"రెండో పాట. తప్పనిసరి అనిందిగా సంధ్య! ఒకటి కట్టేదానికే నా పానం పాయె. ఈ ఊళ్ళో ఒక్కరికన్నా రెండో పాట ఉందేమో సూడు. అందరూ అంకెలు రాసినారు. అంకెలు పాడతారా ఎవురన్నా?"

మండపం ఊగింది. నవ్వి నవ్వి నేను అరుగు మీద కూలబడ్డాను. రామయ్య నవ్వలేదు. ఆయన నల్లబోర్డు దగ్గరికి నడిచి, నేను రాసింది పైకి చదివాడు: "ఎక్కువ పాట వారికి లడ్డు. ఇవ్వవలసినది రెండో పాట." తర్వాత అవ్వ పలక తెచ్చి మా బావకూ మీ నాయనకూ మధ్య పెట్టాడు.

"ఎక్కువ పాట మీ ఇద్దరిది. లడ్డు మీ ఇద్దరికీ చెరిసగం. ఇయ్యాల్సింది రెండో పాట. ఊరంతటికీ ఉన్న రెండో పాట ఇదొక్కటే. రాసింది రాసినట్టే జరగాల. పాడండి."

"నాకు పాట రాదు రామయ్య మామా," అన్నాడు మీ నాయన.

"అయితే వెయ్యి ట్రాక్టర్లు తోలు."

పాడారు. చెరో పక్క పలక పట్టుకుని, ఒక్క మైకు ముందు, ఎవరు ముందు ఎత్తుకోవాలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ:

గతుకుల దారిలో గణపయ్యా, నీ
కడుపులో ఉండ్రాళ్ళు కదిలినవా?
వంకకాడ నీ ఎలుక నిలిచెనా, మా
పిల్లల అడుగులు తెలిసినవా?

మీ నాయన ఎత్తుకున్న చోటికీ మా బావ ఎత్తుకున్న చోటికీ మధ్య వంక పట్టేంత దూరం ఉంది. అవ్వ తాళం కొడుతూ "బడికి పొయ్యే పిల్లోళ్ళ పాటరా అది, బర్రెల్ని తోలినట్ల పాడతారేంది!" అని మళ్ళీ మొదటి నుంచి పాడించింది. రెండోసారి బాగానే వచ్చింది. మూడోసారి ఎవరూ అడక్కుండానే పాడారు. లడ్డు సగం చేసి, ఆ సగాలు అందరికీ పంచేశారు. మొదటి ముక్క అవ్వకు.

దేవుణ్ణి సాగనంపడానికి ట్రాక్టరు ఎక్కించాం. ఆ దారినే పోవాలి. వంక దగ్గర గతుకులో ట్రాక్టరు ఎగిరింది, వినాయకుడు పక్కకు ఒరిగాడు. మీ నాయన ఒక పక్క, మా బావ ఒక పక్క పట్టుకున్నారు. వెనక నుంచి ఆడవాళ్ళు ఎత్తుకున్నారు: గతుకుల దారిలో గణపయ్యా... ఇద్దరూ తల వంచుకున్నారు.

సోమవారం పొద్దున నేను ఆఫీసు తాళం తీస్తుంటే మీ నాయన ఎర్ర ట్రాక్టరు గ్రావెల్‌తో పోతోంది. ఎవరూ అడగలేదు. అది చూసి మా బావ నీలం ట్రాక్టరు తీశాడు. సాయంత్రానికి ఈయన ఎన్ని తోలాడని ఆయన, ఆయన ఎన్ని తోలాడని ఈయన నన్ను అడగడం. నేను తెలియదన్నాను. తెలిస్తే ఆపేస్తారని భయం. ఇవాళ్టికి వంక దగ్గర గుంతలు పూడాయి, దారి హైస్కూలు మలుపు దాకా వచ్చింది.

నీ ఉత్తరం చదివి నేను ఒక్కదాన్నే ఆఫీసులో కూర్చుని నవ్వాను. తర్వాత మీ నాయనకిచ్చాను. ట్రాక్టరు నీడలో కూర్చుని చదివాడు. మళ్ళీ చదివాడు. బిర్యానీ ముక్క దగ్గర ముఖం ఎర్రబడింది, రుజువు దగ్గర మామూలయింది. పుల్లతో నేల మీద పది అని, వంద అని, ఎనభై అని రాసుకున్నాడు. ఉత్తరం మా బావకిచ్చి, "చదువు, మనిద్దరి బతుకూ ఉంది దీంట్లో" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి కాగితంలో చోటు ఉందా అని అడిగాడు. నాకు ఎప్పుడూ ఉంటుంది. కింద ఆయన దస్తూరీ.

అత్త

వెన్నెలా,
లెక్క చూసినా. కరెక్టే. నిజం రాసినోళ్ళు హాయిగా ఇంటికి పోయినారు, అబద్ధం రాసినోళ్ళం పాట పాడినాం. మార్కాపురం వాళ్ళకు ఫోన్ చేసి సీటు వద్దని చెప్పినా. క్లాసు మధ్యలో లేచి తిండికి పోతే మాత్రం ఊరుకోను.
ఒక అనుమానం. ఇప్పుడు ఈ కిటుకు శాంతయ్యకు కూడా తెలిసిపోయింది. వచ్చే ఏడు ఇద్దరం నిజమే రాస్తే ఇంక మజా ఏముంది? మొదటి పాటోడు గెలిచి మూడో పాట ఇచ్చే పద్ధతి ఏమన్నా ఉందా? ఉంటే ఎట్ల రాయాలో తెలుసుకుని రాయి. స్పీకరులో చెప్పొద్దు.
సుబ్బయ్య


హైదరాబాద్,
సెప్టెంబరు 9.

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే చదివాను. ఫిన్నీ మంచినీళ్ళు తెచ్చేలోపు తానూ కూలబడింది. ఇద్దరం అవ్వ పాట నేర్చుకున్నాం. ఇప్పుడు మా అంతస్తు మొత్తం పాడుతోంది, తమిళ పిల్లలతో సహా.

రాధాకృష్ణమూర్తి సార్‌కు మొత్తం చదివి వినిపించాను. రెండు వెయ్యిల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవ్వ పలక దగ్గర కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా వేలాలు చెప్తున్నా పాట అనే మాటకు ఇంకో అర్థం ఉందని తన తలకు తట్టలేదన్నారు. ఇక నుంచి ఎం.ఎస్సీ క్లాసుకు రమ్మన్నారు. షరతు ఒక్కటే, గంట కొట్టేదాకా కూర్చోవాలి. నాకు ముందు బెంచీ, ఫిన్నీకి నా పక్కన, క్యాంటీను వైపు తలుపు కనపడని చోట.

సురేష్ అన్న పంపిన పలకల్లో ఒకటి మిగిలితే నాకు పంపు. రెండు పక్కలా ఖాళీగా ఉన్నది.

కింద ఉన్న ముక్క నాయనకు ఇవ్వు. మామ లేనప్పుడు.

నాయనా,
ఉంది. మూడో పాట పద్ధతి నిజంగానే ఉంది, సార్‌ను అడిగాను. దాంట్లో ఎట్లా రాయాలో రుజువు మాత్రం చాలా పెద్దది. అది ఎం.ఎస్సీ రెండో సంవత్సరంలో చెప్తారు.
వెన్నెల